పన్నెండు మీద ముల్లు

గోడకు అంటించిన కాగితం మీద పన్నెండు అని రాసి ఉంది. సిలిండర్ మెడకు బిగించిన మీటరులో ముల్లు కూడా పన్నెండు మీదే నిలబడింది. కాగితమూ మీటరూ ఒక్క మాట మీద ఉన్నప్పుడు మామూలు మనిషికి అనుమానం రాకూడదు. ఖాదర్‌వలికి వచ్చింది. రాయచోటి బస్టాండు పక్కన పద్దెనిమిదేళ్లు గోలీ సోడా కొట్టినవాడు కాబట్టి, గ్యాస్ గురించి ఇంకొకరు ఏం చెప్పినా అతనికి ఒక పట్టాన మింగుడు పడదు.

ఒమన్‌లోని సూర్ ఊళ్లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల డంకన్ సార్ విల్లా ఉంది. ఆ విల్లాలో ఖాదర్‌వలి డ్రైవరు, తోటమాలి, కొళాయిలు బాగుచేసేవాడు, ఇంకా పేరు లేని పనులన్నీ చేసేవాడు. అతని భార్య కాశమ్మ అదే ఇంట్లో వంట మనిషి. పెరటివైపు గది వాళ్లది. డంకన్ సార్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు, స్కాట్లాండ్ వాడు, ఒంటరివాడు. మంచివాడే గాని ఒక పిచ్చి ఉంది. గ్యారేజీని ఆనుకుని ఉన్న స్టోరు రూములో, ఎవరి కంటా పడకుండా, తన బీరు తానే తయారు చేసుకుంటాడు. ఆ దేశంలో అది నేరం, గడప దాటించే సంగతి కాదు. ఆ ఇంట్లో ఖాదర్‌వలికి ఒక్కడికే తెలుసు.

తెలియడం కూడా అతని నోటి దూల వల్లే జరిగింది. ఒకరోజు సార్ సిలిండరు దింపడానికి సాయం పట్టమంటే, ఇతను ఊరుకోక, "సార్, ఐ సోడా మ్యాన్. గ్యాస్, ఆల్ నో," అన్నాడు. ఆ తెల్లాయన కళ్లు మెరిశాయి. చక్రం తిప్పే మిషను గురించీ, సీసా మెడలో గోలీ ఎలా బిగుసుకుంటుందనే దాని గురించీ గంటసేపు అడిగి అడిగి చెప్పించుకున్నాడు. ఆనాటి నుంచి "గ్యాస్ మాస్టర్" అని పిలవడం మొదలుపెట్టాడు. ఒమన్ వచ్చిన తొమ్మిదేళ్లలో ఖాదర్‌వలిని జనం హెల్పర్ అన్నారు, రఫీక్ అన్నారు, అరే అన్నారు. మాస్టర్ అన్నవాడు ఈయన ఒక్కడే. ఆ మాట కోసం అతను బీరు డ్రమ్ములు మోశాడు, కడిగాడు, పైపులు బిగించాడు. తాగలేదు. ఒక్క చుక్క కూడా తాగలేదు.

తాగకపోవడానికి కారణం కాశమ్మ. సోడా అంగడిని ముంచింది కూల్‌డ్రింకు కంపెనీలని అతను నలుగురిలో చెప్పుకుంటాడు గాని, ముంచింది అతని తాగుడు. పట్టపగలే తాగి మిషను దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు సీసా పగిలి గాజుపెంకు కాశమ్మ మోచేతిలో దిగింది. ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని వచ్చిన ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఇంగొకసారి నీ దగ్గర ఆ వాసనొస్తే నేను ఏమీ అడగను. అరిసేది కూడా ఉండదు. లేసి పోతా," అంది. ఆమె ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. పదకొండేళ్లయింది. ఖాదర్‌వలి ఆ మాటను తాయెత్తు కట్టుకున్నట్టు కట్టుకుని తిరుగుతున్నాడు.

అలాంటి మనిషికి స్టోరు రూములో ఉన్నది బీరని ఎలా చెప్పాలి? "సార్‌కు సోడా అంటే ఇష్టం. ఆయప్పకు సోడా పని నేర్పిస్తాండా," అని చెప్పాడు. శుక్రవారాలు సార్ బార్లీ ఉడికిస్తుంటే వచ్చే వాసనకు, "కీళ్ల నొప్పులకు గంజి కాస్తాడంట," అని ఇంకొకటి కలిపాడు. కాశమ్మ నమ్మింది. నమ్మినందుకు అతనికి లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఆదివారం డంకన్ సార్ నాలుగు రోజుల పని మీద మస్కట్ బయలుదేరాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆయన స్నేహితుడికి వీడ్కోలు విందు. పది మంది వస్తారు. వాళ్ల కోసమే ఈ డ్రమ్ము నింపాడు. బయలుదేరే ముందు ఖాదర్‌వలిని స్టోరు రూములోని ఫ్రిజ్ ముందు నిలబెట్టి వేలితో చూపించి చెప్పాడు. ఈ మీటరు సిలిండరులో ఎంత ఉందో చెబుతుంది, దీంతో పని లేదు. ఆ మీటరు డ్రమ్ములోకి ఎంత పోతుందో చెబుతుంది, అది పన్నెండు మీద ఉండాలి. గ్యాస్ నిదానంగా, దానంతట అదే బీరులో కలుస్తుంది. రోజూ ఒకసారి చూడు చాలు.

"జస్ట్ లుక్, మాస్టర్," అన్నాడు కారెక్కుతూ.

చూసి ఊరుకోమంటే ఊరుకునేవాడు మాస్టరెలా అవుతాడు? సోమవారం పొద్దున ఖాదర్‌వలి స్టోరు రూములో ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. రాయచోటిలో సీసాలో గ్యాస్ ఎక్కాలంటే మిషను గిరగిరా తిప్పాలి, సీసా తలకిందులు కావాలి, లోపల నీళ్లు గొంతుదాకా కలబడాలి. ఇక్కడేమో డ్రమ్ము నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. కదలని డ్రమ్ములోకి గ్యాస్ ఎలా ఎక్కుతుంది? ఎక్కిందో లేదో తెలుసుకోవాలంటే ఒక్కటే దారి. గ్లాసులో పట్టి నోట్లో పోసుకోవాలి. ఆ దారి అతనికి మూసుకుపోయి పదకొండేళ్లయింది.

అతను చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ బుర్ర వేడెక్కిందే తప్ప దారి దొరకలేదు. చివరికి మూలన బోర్లించి ఉన్న రెండో డ్రమ్ము కంటపడింది. గ్యాస్ పైపు ఎలాగూ రెండు పాయలుగా ఉంది. ఆ ఖాళీ డ్రమ్ములో మంచినీళ్లు నింపి, రెండో పాయ దానికి తగిలించి, అదే ఫ్రిజ్‌లో, అదే పన్నెండు మీద పెట్టాడు. రెండింటికీ ఒకటే చలి, ఒకటే గ్యాస్. నీళ్ల రుచి చూస్తే బీరు సంగతి తెలిసిపోతుంది. నోరు అంటుపడకుండా పని జరుగుతుంది. ఈ ఉపాయం తట్టినందుకు అతనికి తన మీద తనకే ముచ్చటేసింది.

మరునాడు మధ్యాహ్నం ఆ నీళ్లు గ్లాసులో పట్టుకుని తాగాడు. చప్పగా ఉన్నాయి. ఏదో చుర్రుమన్నట్టు ఉంది గాని, ముక్కులోకి ఎక్కలేదు, కళ్లలో నీళ్లు రాలేదు, త్రేన్పు రాలేదు. ఇది సోడా అని బస్టాండులో ఇస్తే కండక్టర్లు గ్లాసు మొహాన కొట్టేవాళ్లు. ఇదే గ్యాస్ బీరులోనూ ఉందంటే శుక్రవారం పది మంది ముందు సార్ పరువు ఏం కాను? తన పరువు ఏం కాను? సార్ ఇంజనీరే, కాదనడు. కానీ ఇంజనీర్లు కాగితం మీద రాస్తారు. నాలుక మీద పడేది వేరు.

అలా అనుకుని మీటరు కింద ఉన్న మర తిప్పాడు. ముల్లు పన్నెండు దాటింది, ఇరవై దాటింది, ముప్పై దాటింది. నలభై మీద ఆపాడు. నీళ్ల డ్రమ్మును పైపుతో సహా కిందికి దింపి, చాప మీద పడుకోబెట్టి, కాలితో ముందుకూ వెనక్కూ దొర్లించాడు. లోపల బుసబుసమంటూ గ్యాస్ ఎక్కుతున్న చప్పుడు వినగానే అతనికి ప్రాణం లేచివచ్చింది. పావుగంట తరువాత ఒక గ్లాసు పట్టి తాగాడు. ముక్కు పుటాలు మండాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టిగా త్రేన్చి, అక్కడ ఎవరూ లేకపోయినా, "ఇదీ సోడా అంటే," అన్నాడు.

తరువాత బీరు డ్రమ్మును కూడా అదే చాప మీద పడుకోబెట్టి, అదే లెక్కన దొర్లించి, మళ్లీ ఫ్రిజ్‌లో నిలబెట్టాడు. బుధవారం దాని జోలికి పోలేదు. తోటకు నీళ్లు పెడుతూ లోలోపల పాడుకున్నాడు కూడా.

గురువారం పొద్దున, సార్ వచ్చేలోగా ఒకసారి బీరు డ్రమ్ము కొళాయి తిప్పి చూద్దామనుకున్నాడు. గ్లాసు కింద పెట్టి తిప్పాడు. బుస్సుమని తెల్లటి నురగ వచ్చింది. గ్లాసు నిండింది, పొర్లింది, చెయ్యి తడిసింది. నురగ అడుగున వేలెడు బీరు లేదు. ఇంకో గ్లాసు పట్టాడు. అదీ నురగే.

గ్యాస్ ఎక్కువైందని అతనికి అర్థమైంది. అర్థమైంది కాబట్టి తగ్గించాడు. ముల్లు ఇరవైకి వచ్చింది. కొళాయి తిప్పితే నురగ. పన్నెండుకు తెచ్చాడు. నురగ. ఐదుకు తెచ్చాడు. ఈసారి నిదానంగా, తుపుక్కు తుపుక్కుమంటూ వచ్చింది గాని వచ్చింది మాత్రం నురగే. పైగా ముందుకంటే ఎక్కువ. ఖాదర్‌వలి తల గోక్కున్నాడు. ఎక్కువ పెడితే నురగ, తక్కువ పెడితే ఇంకా నురగ. అయితే తక్కువ పెట్టడం తప్పా? మళ్లీ ముప్పైకి పెంచాడు. నురగ గ్లాసును ఎత్తి కొట్టింది. ఈ గందరగోళమంతా ఎందుకని సిలిండరు మొత్తం కట్టేశాడు. మీటరు సున్నా చూపించింది. కొళాయి తిప్పాడు. గ్యాస్ లేదు, తోసేవాడు లేడు, అయినా నురగ వస్తూనే ఉంది. డ్రమ్ముకు ఏ దయ్యమో పట్టిందేమోనని కూడా అనుకున్నాడు.

ఇంత పోయాక లోపల బీరు మిగిలి ఉందో లేదో అన్న దిగులు పట్టుకుంది. డ్రమ్మును బయటికి లాగి, చెవి ఆనించి, అటూ ఇటూ గట్టిగా ఊపాడు. ఉంది, బాగానే ఉంది. సరే, ఎక్కువైన గ్యాస్‌ను పైనుంచి వదిలేద్దామని మూత మీద ఉన్న చిన్న రింగు పట్టుకుని, మొహం దగ్గరగా పెట్టి, లాగాడు. ఇన్నేళ్లు సీసాలు ఊపి ఊపి గ్యాస్ ఎక్కించినవాడికి, ఊపిన డ్రమ్ము రింగు లాగకూడదని ఆ క్షణంలో తట్టలేదు.

బీరు చిమ్మింది. మూతలోంచి పైకి లేచి అతని గడ్డం మీద, మీసం మీద, కళ్లలో, చొక్కా నిండా కొట్టింది. పెదవులు బిగించాడు. రింగు వదిలేశాడు. అప్పటికే నెత్తి నుంచి నడుం దాకా తడిసిపోయాడు. గోడల మీద నురగ జారుతోంది.

"టీ సల్లారిపోతాందని తెస్తి," అన్న గొంతు వినబడింది.

తలుపు దగ్గర కాశమ్మ నిలబడి ఉంది. చేతిలో గ్లాసు ఉంది. ఆమె ముక్కు ఒక్కసారి కదిలింది. గది నిండా ఒకటే వాసన. కాశమ్మకు ఆ వాసన ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

"మే... ఇది... నేను తాగలే మే," అన్నాడు ఖాదర్‌వలి. మీసం కొసల నుంచి చుక్కలు పడుతున్నాయి.

"సోడా అంటివి గదా," అంది ఆమె. అంతే. టీ గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

అతను చొక్కా విప్పి, నల్లా కింద తల పెట్టి, సబ్బు అరిగేదాకా రుద్దుకుని గదిలోకి వెళ్లేసరికి, మంచం కింద ఉండాల్సిన సూట్‌కేసు మంచం మీద ఉంది. కాశమ్మ చీరలు మడత పెడుతోంది.

"హసీనాకు ఫోన్ చేస్తి," అంది తల ఎత్తకుండా. హసీనా ఆమెకు పాత స్నేహితురాలు, దూరాన బురైమి అనే ఊళ్లో ఒక అరబీ ఇంట్లో పనిచేస్తుంది. "ఆడ ఇంగో మనిషి కావాలంట. రేపు సార్ విందుకు వంట చేసిపెట్టి, శనివారం పొద్దున బస్సుకు పోతా. వీసా కాగితాల సంగతి సార్‌తో నేనే మాట్లాడుకుంటా."

"కాశమ్మా, ఒక మాట యిను. అది సార్ బీరు. నేను గ్యాస్ ఎక్కించే పని చేసినా, అంతే. మూత తెరిస్తే మింద కొట్టింది. మీసం మింద పడిందే గాని గొంతులోకి పోలే."

"నోటికీ మీసానికీ ఎంత దూరముంటాది? జానెడా?"

"అల్లా తోడు."

"అప్పుడు కూడా అట్లే అంటాంటివి." ఆమె మడిచిన చీరనే విప్పి మళ్లీ మడిచింది. "బార్లీ గంజంటివి. సోడా అంటివి. ఇప్పుడు తాగలే అంటాండావు. యాది నమ్మల్ల నేను? నువ్వే సెప్పు."

మొదటి రెండూ అబద్ధాలైతే మూడోది మాత్రం నిజమని ఏ నోటితో చెప్పాలి? తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నమంతా ఖాదర్‌వలి మనిషి మనిషిలా లేడు. బీరు కొట్టినప్పుడు పెదవులు బిగించాడు, అది గట్టిగా గుర్తుంది. కానీ తరువాత? "మే" అన్నప్పుడు నోరు తెరిచాడు కదా. అప్పుడు మీసం మీది చుక్క లోపలికి జారిందా? నాలుక మీద ఏదో చేదు తగిలినట్టు గుర్తు. అది బీరు చేదా, సబ్బు చేదా? ఒకవేళ చుక్క పోయి ఉంటే తాగినట్టా కాదా? ఆలోచించేకొద్దీ తాను తాగలేదన్న నమ్మకం కూడా సడలిపోయింది. సాయంత్రం అసర్ నమాజుకు వెళ్లినప్పుడు ఇమామ్‌ను అడుగుదామనుకున్నాడు. అడగాలంటే డ్రమ్ము సంగతి చెప్పాలి, డ్రమ్ము సంగతి చెబితే సార్ సంగతి చెప్పాలి. ఇమామ్ పలకరిస్తే, "ఎండ ఎక్కువగా ఉంది కదా," అని చెప్పి వచ్చేశాడు.

అతనికి భయంగా ఉంది. కాశమ్మ లేని గదిలోకి వెళ్లి పడుకోవడం ఎలాగో అతనికి తెలియదు. పనిలో ఎవరు ఎన్ని మాటలన్నా, రాత్రి అన్నం పెడుతూ ఆమె, "పోనీలే, కడుపు నింపుకో," అంటే తొమ్మిదేళ్లూ గడిచిపోయాయి. ఆమెను ఆపడానికి సాక్ష్యం కావాలి. తాగినవాడికి ఊళ్లో వందమంది సాక్షులుంటారు. తాగనివాడికి సాక్షి ఎవడు?

గురువారం చీకటిపడ్డాక డంకన్ సార్ వచ్చాడు. దారి పొడుగునా కారు తోలి అలసిపోయి, "అంతా బాగేనా మాస్టర్?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి వెళ్లి పడుకున్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యి ఇంటికి వచ్చేసరికి స్టోరు రూము తలుపు బార్లా తెరిచి ఉంది. సార్ లోపలే ఉన్నాడు. ఆయన చేతిలో పెద్ద గాజు జగ్గు, జగ్గు నిండా నురగ.

"ఖాదర్!" అన్నాడు. మాస్టర్ అనలేదు. "ఇది ఏమిటి? ఏం జరిగింది?"

ఖాదర్‌వలి తనకు వచ్చిన ఇంగ్లిషూ హిందీ అన్నీ కలిపి, చేతులు తిప్పి, మొత్తం చెప్పుకున్నాడు. నీళ్ల డ్రమ్ము, పన్నెండు, చప్పదనం, నలభై, చాప మీద దొర్లించడం, తగ్గించడం, పెంచడం, కట్టేయడం, ఏదీ దాచలేదు. సార్ మొదట కోపంగా విన్నాడు. దొర్లించిన సంగతికి వచ్చేసరికి నోరు తెరుచుకుని విన్నాడు.

"తగ్గించినా ఎందుకు ఆగలేదు సార్?" అని అడిగాడు ఖాదర్‌వలి. ఇంత తిప్పల్లోనూ అది అతన్ని తొలుస్తూనే ఉంది.

"గ్యాస్ ఇప్పుడు మీటరులో లేదు, బీరులో ఉంది," అన్నాడు సార్. "నువ్వు నలభై మీద లోపలికి కొట్టావు. మీటరు తగ్గిస్తే అది మాయమవుతుందా? పైనుంచి అదిమి పట్టేది తగ్గగానే, అదంతా ఒక్కసారిగా బయటికి పరుగెత్తుతుంది. అందుకే తగ్గించినప్పుడు నురగ ఇంకా పెరిగింది. సోడాకు కావలసినంత గ్యాస్ బీరు పట్టదు, ఖాదర్. అందులో సగం చాలు."

జగ్గులో నురగ కాస్త అణిగాక అడుగున ఉన్నది గ్లాసులోకి వంచి ఒక గుక్క తాగాడు. మొహం వంకర్లు తిరిగింది. తుపుక్కున సింకులో ఊశాడు.

"నాలుక మీద సూదులు పెట్టి పొడిచినట్టుంది!" అని అరిచాడు. "నువ్వు దీన్ని టేస్ట్ చెయ్యలేదా?"

"నో సార్."

"ఒక్కసారి కూడా?"

"నో టేస్ట్ సార్. నాట్ వన్ టైమ్."

"ఎందుకు చెయ్యలేదు? నాలుగు రోజులు దీని పక్కనే ఉన్నావు!" సార్ గొంతు ఇల్లంతా వినబడుతోంది. "ఒక్క గుక్క, ఖాదర్! ఒక్క గుక్క టేస్ట్ చేసి ఉంటే అక్కడే ఆపేసేవాడివి. బీరంటే ఏమిటో తెలిసిన మనిషెవడూ దీన్ని నలభై మీద పెట్టడు!"

ఖాదర్‌వలి తల దించుకున్నాడు. తల దించుకున్నప్పుడే గుమ్మం దగ్గర కాశమ్మ పాదాలు కనిపించాయి. సార్ కేకలకు వంటింట్లోంచి వచ్చినట్టుంది, చేతులకు పిండి అంటుకుని ఉంది. ఇంకేం మిగిలింది, ఈ అవమానం కూడా ఆమె కళ్ల ముందే జరగాలా అనుకున్నాడు.

"సార్," అంది కాశమ్మ. సార్ ముందు ఆమె సాధారణంగా నోరు విప్పదు. "హి టేస్ట్, హి నోయింగ్?"

టేస్ట్ అన్న మాట ఆమెకు బాగా తెలుసు. వంటింట్లో ఉప్పు చాలిందా లేదా అని సార్ రోజుకు నాలుగుసార్లు వాడే మాట.

"తప్పకుండా తెలిసేది," అన్నాడు సార్ విసుగ్గా. "ఒక్క గుక్కకే తెలిసేది."

"షూర్, సార్?"

"షూర్! ఈ బీరే సాక్ష్యం కదా, చూడు!" అని జగ్గు ఎత్తి చూపించాడు.

కాశమ్మ జగ్గు వైపు చూసింది. తలుపుకు చెయ్యి ఆనించి, నురగ పేలి పేలి అణిగిపోయేదాకా చూసింది. తరువాత వంటింట్లోకి వెళ్లిపోయింది.

సార్ సిలిండరు కట్టేసి, రింగును మెల్లమెల్లగా లాగుతూ, కాస్త కాస్త గ్యాస్ వదలడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఇలా వదులుతూ పోతే సగమైనా తాగడానికి పనికొస్తుందట. ఆ పని కూడా ఆయనే చేసుకున్నాడు. "ఇక నుంచి నువ్వు మీటరు ముట్టుకోవద్దు, ఖాదర్," అన్నాడు. కోపం తగ్గాక అన్నాడు కాబట్టి అది ఇంకా లోతుగా దిగింది. గోడ మీద నురగ మరకలు తుడిచి, చాప చుట్టి, మాస్టర్ పదవి అక్కడే వదిలేసి ఖాదర్‌వలి బయటికి వచ్చాడు.

వంటింట్లో కాశమ్మ సమోసాలు చుడుతోంది. వీపు ఇటు తిప్పి ఉంది. లోపలికి రావాలో వద్దో తెలియక అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"రాయచోటిలో ఒకసారి," అంది ఆమె తిరగకుండానే, "బీరు సీసా తెరిసి ఒక గుక్క పోసుకోని, గ్యాస్ సరిగ లేదని అంగడోని మిందికే ఇసిరేస్తివి. గుర్తుండాదా?"

"ఉండాది." ఇప్పుడు అదంతా ఎందుకు తవ్వుతోందో అర్థం కాలేదు.

"ఆ ఖాదర్‌వలి ఐతే ఈ పని చేసుండడు. వానికి బీరు రుసి శానా బాగా తెలుసు." సమోసా అంచు అదిమి పళ్లెంలో పెట్టింది. "ఇది చేసినోనికి ఏం తెలీదు. పదకొండేండ్లాయె, నాలికే మర్సిపోయింది."

అది తిట్టో మెచ్చుకోలో అతనికి తెలియలేదు. రెండు అడుగులు లోపలికి వేసి ఆమె మొహం చూద్దామని ప్రయత్నించాడు. ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. పక్కన ఉల్లిపాయలు కూడా లేవు.

"మే... అంటే... నువ్వు..."

"సోడా అని అబద్ధం సెప్పినావే, దాన్ని మాత్రం ఇడిసిపెట్టను. ఏడాది పొడుగునా కొట్లాడతా."

"కొట్లాడు," అన్నాడు ఖాదర్‌వలి. "ఎంతైనా కొట్లాడు. కానీ శనివారం బస్సు..."

"కొట్లాడల్లంటే ఈడ ఉండల్ల గదా!" అని గసిరింది కాశమ్మ. "నా సేతులకు పిండి ఉండాది. హసీనాకు నువ్వే ఫోన్ చేసి, నేను రానని సెప్పు."

అతను కిటికీ గట్టు మీద ఉన్న ఆమె ఫోను తీసుకున్నాడు. పేరు దొరకబుచ్చుకునేలోగా ఎవరెవరినో నొక్కి, కట్టేసి, మళ్లీ వెతికాడు. ఎట్టకేలకు అవతల మోగింది. హసీనా "హలో, కాశమ్మక్కా, బస్సు చూసుకుంటివా?" అంది. ఖాదర్‌వలికి కాశమ్మ చెప్పమన్న మాట గుర్తుకు రాలేదు. గొంతులో ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"బీరు చెడిపోయింది హసీనమ్మా," అన్నాడు. "మొత్తం చెడిపోయింది, తల్లీ."